తరచూ ప్రయాణాలుండే ఉద్యోగంలో చేరాలా వద్దా: వరంగల్‌లో ఉంటున్నవారు ఎలా తేల్చుకోవాలి

"విధుల్లో భాగంగా తరచూ ప్రయాణించవలసి ఉంటుంది" అన్న వాక్యం ఉద్యోగ ప్రకటనల చివరి వరుసలో ఉంటుంది. చాలామంది దాన్ని చదివి కూడా పట్టించుకోరు. హనుమకొండలో ఇల్లున్న మందుల కంపెనీ ప్రతినిధికి అది రోజూ బండి మీద నర్సంపేట, పరకాల, జనగామ తిరగడం కావచ్చు. విత్తనాల కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్‌కు వానాకాలం సాగు మొదలయ్యే ముందు వారాల తరబడి ఊళ్లలోనే ఉండిపోవడం కావచ్చు. ఆసుపత్రి యంత్రాలను మరమ్మతు చేసే సర్వీస్ ఇంజినీరుకైతే ఫోన్ వచ్చిన గంటలోనే ఆదిలాబాద్‌కో భద్రాచలానికో బయలుదేరడం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగికైతే నెలకోసారి బెంగళూరు విమానం ఎక్కడం.

ఈ నిర్ణయంలో మొదట చూడవలసింది జీతమని నేను అనుకోను, నెలలో ఎన్ని రోజులు తిరగాలన్నది కూడా కాదు. ఎన్ని రాత్రులు ఇంట్లో ఉండరో, ఆ తేదీలను ఎవరు నిర్ణయిస్తారో తెలుసుకుంటే మిగిలిన లెక్కలన్నీ వాటి వెనుకే తేలిపోతాయి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక జవాబు చెప్పడానికి కంపెనీ ఇచ్చే గడువు సాధారణంగా కొద్ది రోజులే కాబట్టి, కింది పనులను వీలైతే చివరి ఇంటర్వ్యూకు ముందే మొదలుపెట్టండి.

మొదటి పని: మీ హెడ్‌క్వార్టర్ ఏ ఊరో తెలుసుకోండి

క్షేత్రస్థాయి ఉద్యోగాలిచ్చే కంపెనీలు, ముఖ్యంగా మందుల కంపెనీలు, ఉద్యోగి తిరిగే చోట్లను మూడు రకాలుగా విడదీస్తాయి. మీకు కేటాయించిన కేంద్రం హెడ్‌క్వార్టర్, ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రాగలిగిన ఊరు ఎక్స్-స్టేషన్, రాత్రి బస చేయవలసిన ఊరు ఔట్‌స్టేషన్. మూడింటికీ భత్యం వేరువేరుగా ఉంటుంది. వరంగల్ హెడ్‌క్వార్టర్ అయితే నర్సంపేట, పరకాల, జనగామ వంటివి ఎక్స్-స్టేషన్లలోకి, మంచిర్యాల, భద్రాచలం వంటివి ఔట్‌స్టేషన్లలోకి రావడం సహజం. చిక్కంతా కరీంనగర్ వంటి ఊళ్లతోనే వస్తుంది. దూరం 70 కిలోమీటర్లే కదా అని కంపెనీ దాన్ని ఎక్స్-స్టేషన్‌గా రాసుకుంటుంది. కానీ డాక్టర్లు సాయంత్రం క్లినిక్‌లో కూర్చున్నాకే దొరుకుతారు కాబట్టి మీరు అక్కడి నుంచి బయలుదేరేసరికే రాత్రి తొమ్మిది దాటుతుంది, ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోతుంటారు. అందుకే ఏ ఊరు ఏ జాబితాలో ఉందో ఊరి పేర్లతో సహా అడగండి.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. నియామక పత్రంలో హెడ్‌క్వార్టర్ హైదరాబాద్ అని రాసి, "మీరు వరంగల్ నుంచే పనిచేసుకోండి, ఇబ్బందేమీ లేదు" అని నోటిమాటగా చెప్పే కంపెనీలు ఉన్నాయి. వినడానికి అది వెసులుబాటులాగే ఉంటుంది. కాగితం ప్రకారం మాత్రం హైదరాబాద్ మీ ఊరే అవుతుంది కాబట్టి అక్కడ జరిగే ప్రతి సమావేశానికీ సుమారు 145 కిలోమీటర్లు సొంత ఖర్చుతో వెళ్లాలి, ఆలస్యమై అక్కడే ఉండిపోతే గది అద్దె కూడా మీరే కట్టుకోవాలి. పై అధికారి బదిలీ అయి కొత్తవారు వచ్చిన రోజున ఆ నోటిమాటకు దిక్కుండదు. హెడ్‌క్వార్టర్ వరంగల్ అని పత్రంలో రాయడానికి కంపెనీ ఒప్పుకోకపోతే, హైదరాబాద్‌కు ఇల్లు మార్చవలసి వస్తుందన్న లెక్కతోనే ఆ ఉద్యోగం గురించి ఆలోచించండి.

రెండో పని: ఒక నెలను కాగితం మీద గీయండి

ఇంటర్వ్యూలో "ముప్పై శాతం ప్రయాణం ఉంటుంది" అంటారు. 22 పనిదినాల్లో ముప్పై శాతం అంటే ఆరేడు రోజులు. అవి వరుసగా వస్తే నెలలో ఒక వారం ఇంటికి దూరమవుతారు, విడివిడిగా వస్తే ప్రతి వారం ఒకటి రెండు రాత్రులు పోతాయి. ఈ రెండు జీవితాలకూ పోలిక లేదు, శాతం మాత్రం ఒక్కటే. అందువల్ల శాతాన్ని వదిలేసి, అదే స్థానంలో ఇప్పుడు పనిచేస్తున్న వ్యక్తి గత మూడు నెలల టూర్ ప్రోగ్రామ్ ఎలా ఉందో తెలుసుకోండి. అందులో ఒక మామూలు నెలా, ఒక టార్గెట్ ముగిసే నెలా ఉండేలా చూసుకుంటే మంచిది. కంపెనీ ఆ పత్రం చూపించకపోయినా, మందుల దుకాణాల దగ్గర, ఎరువుల డీలర్ల దగ్గర విచారిస్తే ఆ పని చేసిన మనుషులు దొరుకుతారు. వరంగల్ అంత పెద్ద ఊరేమీ కాదు.

ఆ వివరాలను క్యాలెండర్ మీద వేసేటప్పుడు కంపెనీ లెక్కను కాకుండా మీ ఇంటి గడప నుంచి గడప వరకు పట్టే సమయాన్ని రాయండి. ఉదాహరణకు బెంగళూరులో ఒక రోజు సమావేశం ఉందనుకోండి. ఉదయం ఆరున్నర విమానం అందుకోవాలంటే ఐదింటికైనా శంషాబాద్‌లో ఉండాలి. హనుమకొండ నుంచి ఘట్‌కేసర్ దాకా వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి విమానాశ్రయం చేరడానికి మూడు గంటలకు పైగా పెట్టుకోవాలి కాబట్టి రాత్రి ఒంటిగంటన్నరకే కారు కదలాలి. తిరుగు విమానం రాత్రి పదిగంటల తర్వాత దిగితే ఇల్లు చేరేసరికి రెండవుతుంది. ఇదే సమావేశానికి వెళ్లిన హైదరాబాద్ సహోద్యోగి రెండు రాత్రులూ తన ఇంట్లోనే పడుకుంటాడు. కంపెనీ రికార్డులో మాత్రం ఇద్దరిదీ రాత్రి బస అక్కరలేని ఒక్క రోజు టూరే. వరంగల్ నుంచి శంషాబాద్‌కు కారు ఖర్చు ఎవరు భరిస్తారన్నది, ముందు రోజు రాత్రి విమానాశ్రయం దగ్గర గది ఇస్తారా అన్నది ఇప్పుడే అడగకపోతే తర్వాత అడగడం కష్టం. మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది, అయితే విమానాలు ఎగిరే దాకా దాన్ని ఈ లెక్కలోకి తీసుకోకండి.

విమానాల విషయంలో మనకు నష్టమున్నా రైళ్ల విషయంలో లాభముంది. కాజీపేట జంక్షన్ ఢిల్లీ–చెన్నై ప్రధాన మార్గంలో ఉంది కాబట్టి మీ ప్రాంతం రామగుండం, మంచిర్యాల, బల్లార్షా, నాగ్‌పూర్ వైపో, ఖమ్మం, విజయవాడ వైపో ఉంటే హైదరాబాద్‌లో ఉండేవారికంటే మీకే దగ్గర. సికింద్రాబాద్–నాగ్‌పూర్ వందేభారత్ కాజీపేటలో, సికింద్రాబాద్–విశాఖపట్నం వందేభారత్ వరంగల్‌లో ఆగుతాయి. ములుగు, భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు రైలు మాటే లేదు, అటు వెళ్తే రోడ్డే శరణ్యం. మీకిచ్చే ప్రాంతం ఏ దిక్కున ఉందన్నది కిలోమీటర్ల సంఖ్యకంటే ఎక్కువ తేడా తెస్తుంది.

ఇక రెండో ప్రశ్న, తేదీలను ఎవరు నిర్ణయిస్తారన్నది. గీసిన ప్రతి ప్రయాణం పక్కన, దాని తేదీ ఎన్ని రోజుల ముందు తెలుస్తుందో రాయండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, తత్కాల్ మాత్రం బయలుదేరే ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు మొదలవుతుంది. మీ ప్రయాణాల్లో సగానికి పైగా తత్కాల్ మీద ఆధారపడేవే అయితే ఆ ఉద్యోగంలో మీ సమయం మీ చేతిలో ఉండదు. నెలకు పది రాత్రులు ముందే నిర్ణయమైన ఉద్యోగాన్ని ఇంటివాళ్లు అలవాటు చేసుకోగలరు. నాలుగే రాత్రులైనా ఎప్పుడొస్తాయో తెలియని ఉద్యోగంలో పెళ్లికి వస్తామని ఒక చుట్టానికీ మాటివ్వలేరు. నన్నడిగితే మొదటిదే మేలంటాను.

మూడో పని: ఆ కాగితాన్ని ఇంటి క్యాలెండర్ పక్కన పెట్టండి

అమ్మకాల ఉద్యోగాల్లో ఒత్తిడి నెలాఖరుకు, త్రైమాసికం చివరికి పెరుగుతుంది. అన్నింటికంటే ఎక్కువగా మార్చిలో ఉంటుంది. ఇంటర్, పదో తరగతి పరీక్షలు జరిగేదీ ఆ రోజుల్లోనే. అర్ధ సంవత్సరం లెక్కలు సెప్టెంబరు 30తో ముగుస్తాయి. బతుకమ్మ తొమ్మిది రోజులూ కొన్నేళ్లలో సరిగ్గా ఆ వారంలోనే పడతాయి, కొన్నేళ్లలో అక్టోబరుకు జరుగుతాయి. ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చే సద్దుల బతుకమ్మ నాడు మీరు ఏ లాడ్జిలోనో కూర్చుని రిపోర్టు పంపుతుంటే ఇంట్లో ఎలా ఉంటుందో ముందే మాట్లాడుకోండి. విత్తనాలు, పురుగుమందుల కంపెనీల్లో క్యాలెండర్ వేరు. అక్కడ మే నుంచి ఆగస్టు దాకా ఊపిరి సలపదు, వేసవి సెలవుల్లో కుటుంబంతో ఎక్కడికైనా వెళ్లడం అసాధ్యమవుతుంది. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో ములుగు వైపు పని దాదాపు ఆగిపోతుంది, కాబట్టి ఆ నెల టార్గెట్ తగ్గిస్తారా లేదా అన్నది అనుభవమున్న ప్రతినిధిని అడిగితే నవ్వుతూనే అసలు సంగతి చెబుతాడు.

ఇంట్లో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే "నీ ఇష్టం, మేము సర్దుకుంటాం" అన్న జవాబే వస్తుంది. అది ఒప్పుకోవడం కాదు, మీకు అడ్డురావడం ఇష్టం లేక అనే మాట. అందుకే భార్య లేదా భర్తతో విడిగా, అమ్మానాన్నలతో విడిగా, ఆ కాగితం ముందు పెట్టుకుని మాట్లాడండి. మీరు లేని రాత్రి నాన్నకు ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు, ఉదయం పిల్లవాణ్ని బడి బస్సు ఎవరు ఎక్కిస్తారు, నల్లా నీళ్లు వచ్చే వేళకు ఇంట్లో ఎవరుంటారు అన్నంత చిన్న ప్రశ్నలు అడగండి. ప్రతి ప్రశ్నకూ ఒక మనిషి పేరు రావాలి. అన్నింటికీ ఒకే పేరు వస్తున్నట్లయితే, ఈ ఉద్యోగంలో సగం పని ఆ మనిషి చేయబోతున్నట్లే. ఆ మనిషికి కూడా ఉద్యోగం ఉంటే మీ జీతంలో పెరిగేదాన్ని వారి జీతంలో పోయే అవకాశమున్న దానితో కలిపి చూడాలి. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో గల్ఫ్ వెళ్లినవారి కుటుంబాలు ఈ భారాన్ని ఏళ్ల తరబడి మోశాయి. అటువంటి ఇల్లు మీ చుట్టాల్లో ఉంటే, వెళ్లిన మగవాణ్ని కాకుండా ఇంటిని నడిపిన ఆడమనిషిని అడిగితే ఎక్కువ తెలుస్తుంది.

నాలుగో పని: జీతాన్ని విడదీసి చూడండి

ఇప్పుడు మీకు నెలకు 32,000 రూపాయలు వస్తున్నాయని, కొత్త ఉద్యోగంలో 45,000 ఇస్తామన్నారని అనుకుందాం. అందులో 9,000 టూర్ భత్యమైతే స్థిరమైన జీతం 36,000 మాత్రమే. భత్యం దారిలోనే ఖర్చయిపోతుందనుకుంటే నిజంగా పెరిగింది 4,000. నెలకు ఎనిమిది రాత్రులు బయట ఉండాలంటే ఒక్కో రాత్రికి మీరు తీసుకుంటున్నది 500 రూపాయలు. ఈ అంకెను ఇంట్లో చెప్పండి. 13,000 పెరిగిందని విన్నప్పుడు వచ్చిన జవాబు, రాత్రికి 500 అని విన్నప్పుడు కూడా వస్తుందో లేదో చూడండి.

భత్యం నిజంగా సరిపోతుందా అన్నది మరో లెక్క. సొంత బండి వాడితే కిలోమీటరుకు 3 రూపాయలు ఇస్తారనుకోండి. పెట్రోలు లీటరు 107 రూపాయల చుట్టూ ఉన్నప్పుడు, లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి పెట్రోలే దాదాపు 2 రూపాయల 40 పైసలు అవుతుంది. మిగిలే 60 పైసలతో ఇంజిన్ ఆయిలు, టైర్లు, చైను, సర్వీసింగ్ అన్నీ నడవాలి. నెలకు 2,500 కిలోమీటర్లు తిరిగితే మిగిలేది 1,500 రూపాయలు, బండి మీద పడేది ఏడాదికి 30,000 కిలోమీటర్లు. ఆ వేగంతో తిరిగిన బండిని మూడు నాలుగేళ్లలో మార్చవలసి వస్తుంది, ఆ ఖర్చు ఏ భత్యంలోనూ ఉండదు. ఔట్‌స్టేషన్‌లో రాత్రికి 1,200 ఇస్తే గదికి 900 పోయి, మిగిలిన 300తో మూడు పూటలు గడపాలి. డబ్బు ఎప్పుడిస్తారన్నది కూడా ముఖ్యమే. బిల్లులు పెట్టిన నలభై రోజులకు ఇచ్చే కంపెనీలో చేరితే, కంపెనీ ఖర్చులకు మీరు వడ్డీలేని అప్పు ఇస్తున్నట్లే లెక్క. టూర్ అడ్వాన్స్ ఇస్తారా అని సూటిగా అడగండి.

మరికొన్ని విషయాలు త్వరగా చెప్పుకుందాం. టూర్‌లో నిజంగా ఖర్చయిన మేరకు ఇచ్చే ప్రయాణ భత్యం, దినభత్యం మీద ఆదాయపు పన్ను పడదు, కొత్త పన్ను విధానంలోనూ ఈ మినహాయింపు ఉంది. కాబట్టి బిల్లులు దాచుకోండి. ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీలలోకి టూర్ భత్యం రాదు. ఇంటి రుణానికి వెళ్లినప్పుడు బ్యాంకు చూసేది ప్రధానంగా స్థిర జీతాన్నే. ప్రస్తుతం మీరు ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) పరిధిలో ఉండి, కొత్త ఉద్యోగంలో నెల వేతనం 21,000 రూపాయలు దాటితే ఆ సౌకర్యం పోతుంది. దాని బదులు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులు ఉన్నారో లేదో చూసుకోండి. మహిళలకు మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమే కానీ, టికెట్టు చూపిస్తేనే డబ్బిస్తామనే కంపెనీలో జీరో టికెట్టుకు వచ్చేది కూడా సున్నాయే.

ఐదో పని: రోడ్డునూ ఒంటినీ లెక్కలోకి తీసుకోండి

ఈ భాగాన్ని యువకులు సాధారణంగా దాటేస్తారు. కోతల కాలంలో మన పల్లె రోడ్ల మీద సగం వెడల్పున వడ్లు ఆరబోసి, అంచుల్లో రాళ్లు పెడతారు. చీకటిపడ్డాక బండి మీద వచ్చేవారికి ఆ రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనబడవు. గట్టి వాన పడితే కటాక్షపూర్ చెరువు పొంగి ములుగు రోడ్డు తెగిపోతుంది, అవతల ఉన్నవారు అవతలే ఉండిపోతారు. అటువంటి రోజున పని మానుకుంటే ఆ రోజు హాజరు ఇస్తారో సెలవు కింద రాసుకుంటారో అడగండి. వాన రోజున ఫీల్డ్‌లో ఉన్న మనిషితో కంపెనీ ఎలా వ్యవహరిస్తుందో ఆ జవాబులో తెలిసిపోతుంది. బండి బీమాలో యజమానే నడిపేటప్పుడు వర్తించే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా, బండి మీ పేరు మీద ఉంటేనే మీకు వర్తిస్తుంది. నాన్న పేరు మీదో అన్న పేరు మీదో ఉన్న బండితో ఉద్యోగం చేయాలనుకుంటే ముందు పేరు మార్పించుకోండి, లేదా మీ పేరుతో విడిగా ప్రమాద బీమా తీసుకోండి. షుగరు, బీపీ, నడుము నొప్పి ఇప్పటికే ఉన్నవారు నెలకు నాలుగైదు రాత్రులకు మించిన ఉద్యోగానికి ముందు డాక్టరును సంప్రదించాలి. హోటల్ తిండి, వేళతప్పిన నిద్ర ఆ మూడింటినీ పెంచేవే.

ఆరో పని: అడగవలసినవి అడిగి, రాతలో తీసుకోండి

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. ఆ పత్రంలో హెడ్‌క్వార్టర్ పేరు, మూడు రకాల భత్యాల మొత్తాలు, బదిలీ షరతు, నోటీసు వ్యవధి ఉన్నాయో లేదో చూడండి. "కంపెనీ నియమావళి ప్రకారం" అని మాత్రమే ఉంటే ఆ నియమావళిని ఈమెయిల్‌లో పంపమని మర్యాదగా కోరండి. ముందు ఈ స్థానంలో ఉన్నవారు ఎందుకు వెళ్లిపోయారు, ఎంతకాలం పనిచేశారు అన్న ప్రశ్నకు మేనేజరు ఇచ్చే జవాబు నియామక పత్రంకంటే ఎక్కువ చెబుతుంది. ఏడాదిలో ముగ్గురు మారారని తెలిస్తే తప్పు ఆ ముగ్గురిదే అనుకోవడం కష్టం.

మహిళలు ఇంకొన్ని అడగాలి, అడగడానికి సంకోచించనవసరం లేదు. గదిని కంపెనీయే బుక్ చేస్తుందా, తెలిసిన హోటళ్ల జాబితా ఉందా, రాత్రి ఆలస్యంగా రైలు దిగినప్పుడు స్టేషన్ నుంచి వాహనం పంపుతారా, భత్యం పరిమితిలో సురక్షితమైన గది దొరకకపోతే మిగిలిన తేడాను ఇస్తారా అన్నవి కనీస ప్రశ్నలు. ఈ ప్రశ్నలకే ముఖం చిట్లించే మేనేజరు, రేపు నిజంగా ఇబ్బంది వచ్చి ఫోన్ చేస్తే ఎత్తుతాడన్న నమ్మకం నాకు లేదు.

ఏడో పని: తేల్చుకుని చెప్పండి

ఇంతవరకు రాసిన కాగితాలన్నీ ఒకచోట పెట్టుకుంటే చాలామందికి నిర్ణయం దానంతటదే కనిపిస్తుంది. అప్పటికీ తేలకపోతే నేను పాటించమని చెప్పే వరుస ఇది. తేదీలు ముందుగా తెలియని ఉద్యోగమై, ఇంట్లో రోగి గానీ ఏడాదిలోపు బిడ్డ గానీ ఉంటే వద్దనండి, జీతం ఎంతైనా సరే. తేదీలు ముందే తెలిసి, రాత్రికి పడే అంకె ఇంట్లో అందరికీ సమ్మతమై, హెడ్‌క్వార్టర్ పత్రంలో రాసి ఉంటే చేరండి. ముఖ్యంగా ఇరవైల్లో ఉన్నవారికి నాలుగు జిల్లాల డీలర్లతో, డాక్టర్లతో, ఇంజినీర్లతో ఏర్పడే పరిచయాలు ఒకే కుర్చీలో కూర్చుంటే రావు. ఆ పరిచయాలే తర్వాతి ఉద్యోగానికో సొంత వ్యాపారానికో పెట్టుబడి అవుతాయి. ఈ రెండింటికీ మధ్యలో పడ్డవారు ఒప్పుకునే ముందు ఒక్క మార్పు అడిగి చూడాలి. శనివారం సాయంత్రానికి ఇంటికి చేరేలా టూర్ వేయడం గానీ, నెలలో ఒక నిర్ణీత వారం హెడ్‌క్వార్టర్‌లోనే ఉంచడం గానీ అడిగితే చాలు. ఐదారు కోరికలు ఒకేసారి పెడితే ఏదీ నెరవేరదు.

చేరుతున్నట్లయితే ఆరు నెలల తర్వాతి తేదీ ఒకటి ఇంట్లో క్యాలెండర్ మీద రాసి, ఆ రోజు ఇదే కాగితాన్ని మళ్లీ తీసి, నిజంగా ఎన్ని రాత్రులు బయట గడిచాయో పోల్చుకోండి. శిక్షణ ఖర్చు పేరుతో బాండ్ రాయించుకునే కంపెనీ అయితే ఆ తేదీకి అర్థం ఉండదు కాబట్టి, బాండ్ గడువు, మధ్యలో మానేస్తే కట్టవలసిన మొత్తం సంతకానికి ముందే చూసుకోండి. వద్దనుకుంటే ఫోన్ ఎత్తకుండా ఊరుకోకండి, గడువు తేదీకి ముందే చిన్న ఈమెయిల్ పంపండి. ఇంటి పరిస్థితుల వల్ల ఇన్ని రాత్రుల ప్రయాణం ప్రస్తుతం కుదరదని, వరంగల్ హెడ్‌క్వార్టర్‌గా ఎక్స్-స్టేషన్ వరకే తిరిగే ఖాళీ వస్తే తెలియజేయమని రాస్తే సరిపోతుంది.